పంచాయితీకి పిలిస్తే ఏం చెయ్యాలి: యూదుల పాత పద్ధతుల్లోంచి మన చిత్తూరు వైపు పనికొచ్చేవి

మామిడికాయలు దిగే టైంకి మన చిత్తూరు వైపు దారి తగాదాలు కూడా ముదురుతాయి. తోటలోకి ట్రాక్టర్ పోకుండా కంప అడ్డం వేసేది, బోరు నీళ్ళ వంతులకాడ కొట్టుకునేది, సర్వే రాయి పీకేసేది. తిరుపతి టౌన్లో అయితే పార్కింగు, డ్రైనేజీ, పక్కింటోడి సీసీ కెమెరా మన వాకిట్లోకి చూస్తా ఉండేది, ఇట్లాంటివి. అప్పుడు ఎవరో ఒకరు మీ ఇంటికొచ్చి "అన్నా, నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్పు, నీ మాటైతే వింటారు" అంటారు. అట్లా పిలుపొచ్చినవాళ్ళ కోసమే ఇది రాస్తున్నా.

యూదుల పద్ధతులే ఎందుకు అంటారేమో, నేను యూదుణ్ణి కాదు, చదివి తెలుసుకున్నదే. క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేం గుడి కూల్చేసినాక వాళ్ళు వందల ఏళ్ళు వేరేవాళ్ళ రాజ్యాల్లో బతికినారు, సొంత సైన్యం లేదు, అయినా ఊరూరా బేత్ దిన్ అనే సొంత కోర్టులు పెట్టుకుని డబ్బు తగాదాలు, గోడ తగాదాలు, పశువుల తగాదాలు తీర్చుకున్నారు. తీర్పు చెప్పేవాడికి లాఠీ బలం పెద్దగా లేదు కాబట్టి మనుషులు నమ్మేటట్టు తీర్పు ఎట్లా చెప్పాలా అనేది చానా లోతుగా వాదించుకున్నారు, ఆ వాదనలన్నీ సుమారు క్రీ.శ. 200 నాటి మిష్నా అనే ధర్మసూత్రాల పుస్తకంలో, తర్వాత దాని మీద చర్చలన్నీ కూర్చిన తల్ముద్‌లో రాసిపెట్టుకున్నారు, ఓడిపోయినోడి వాదన కూడా కొట్టెయ్యకుండా. మన రాష్ట్రంలోనే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర తెలుగు మాట్లాడే యూదులు, బెనే ఎఫ్రాయీం అంటారు, ఉన్నారు, కాబట్టి ఇదేదో మనకి బొత్తిగా సంబంధం లేని సంగతి కూడా కాదు.

ఫస్ట్ చూడాల్సింది అసలు ఇది మీరు తీర్చే తగాదానా కాదా అని. ఆడపిల్లని కొట్టినారు, చిన్నపిల్లల మీద చెయ్యి పడింది, కులం పేరుతో తిట్టి కొట్టినారు, కత్తి పట్టుకుని తిరుగుతున్నాడు, ఇవి పంచాయితీలు కావు. ఇంకేం ఆలోచించకుండా 112కి ఫోన్ చెయ్యండి, ఆడవాళ్ళ విషయమైతే 181 కూడా ఉంది. తోరాలో, అంటే యూదుల మూల ధర్మగ్రంథంలో, లేవీయకాండం 19వ అధ్యాయంలో పక్కోడి రక్తం కారుతుంటే చూస్తా నిలబడొద్దు అని సూటిగా ఉంది. ఇంటి పరువు పోతుంది మనలో మనం చూసుకుందాం అనే మాట యూదుల్లో కూడా ఉండేది, తమవాణ్ణి బయటి ప్రభుత్వానికి పట్టించకూడదు అని ఒక పాత కట్టుబాటు, ఆ కాలంలో ఆ ప్రభుత్వాలు చేసే హింస అట్లాంటిది మరి. కానీ పిల్లల మీద అఘాయిత్యం జరిగితే పోలీసులకి చెప్పడం ఆ కట్టుబాటు కిందకి రాదు, చెప్పి తీరాలి అని ఈ కాలపు రబ్బీలు, అంటే వాళ్ళ మతగురువులు, చానామంది తేల్చినారు. మన దగ్గర కూడా 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు రిపోర్ట్ చెయ్యకపోతే అదే నేరం. అక్కడ పెద్దమనిషి పాత్ర ఏమీ లేదు, పక్కకి తప్పుకుని పిల్లతల్లికి తోడుగా స్టేషన్‌కి పోవడమే.

పోలీసుల మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు సంగతులు. ద్వితీయోపదేశకాండం 16వ అధ్యాయంలో న్యాయమూర్తుల్ని, వాళ్ళ మాట అమలు చేసే అధికారుల్ని ఇద్దర్నీ ప్రతి ఊరి గుమ్మం దగ్గరా పెట్టుకోమని ఉంటుంది. 12వ శతాబ్దంలో మైమోనిడెస్ అనే యూదు ధర్మశాస్త్ర పండితుడు దీన్ని వివరిస్తా, ఆ అధికారులు కర్ర, తోలుపట్టా పట్టుకుని సంతల్లో అంగళ్ళలో తిరిగి తూకాలు రేట్లు చూస్తారు, అయితే వాళ్ళు చేసే ప్రతి పనీ న్యాయమూర్తుల మాట మీదే అని రాసినాడు. అంటే కర్ర ఉన్నోడే తీర్పు కూడా చెప్పేసేది లేదు. ఇంకొకటి, ఎవడైనా ఇంకొకణ్ణి చంపడానికి తరుముతుంటే వాణ్ణి ఆపాలి, వేరే దారి లేకపోతే ప్రాణం తీసైనా ఆపాలి, కానీ కాలో చెయ్యో దెబ్బతీసి ఆపగలిగి ఉండి కూడా చంపేస్తే ఆ ఆపినోడు కూడా దోషే అని తల్ముద్ సన్హెద్రిన్ భాగంలో ఉంది. ఎంత అవసరమో అంతే బలం. ఊర్లో దొంగ దొరికినాడని స్తంభానికి కట్టేసి కొట్టే చోట మీరుంటే చెయ్యాల్సింది ఇదే, పారిపోకుండా పట్టుకోండి, ఒక్క దెబ్బ కూడా పడకుండా చూసి పోలీసులకి అప్పజెప్పండి.

సరే, ఇది పోలీసు కేసు కాదు, మామూలు తగాదానే అనుకుందాం. ఒక కేసు ఊహించుకుంటే బాగా అర్థమవుతుంది. పూతలపట్టు వైపు అన్నదమ్ములు, నాయిన పంచిచ్చిన తోట, రోడ్డు పక్క భాగం అన్నది, లోపలి భాగం తమ్ముడిది, తమ్ముడి తోతాపురి ట్రాక్టర్ అన్న తోటలోంచే రోడ్డెక్కాల. ఈ ఏడు అన్న దారి మూసేసినాడు.

ఇప్పుడు పొరపాట్న కూడా తమ్ముడొక్కడే ఇంటికొచ్చి కథంతా చెప్తుంటే వినొద్దు. అవతలోడు లేకుండా ఇవతలోడి మాట వినకూడదని తల్ముద్‌లో గట్టిగా చెప్పినారు. మనకి మొహమాటం, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి గంటసేపు వింటాం, ఆ గంటలోనే మన మనసులో తీర్పు అయిపోయుంటుంది, తర్వాత అన్న ఏం చెప్పినా సాకులు చెప్తున్నట్టే అనిపిస్తుంది. "నాయనా, మీ అన్న కూడా ఉన్నప్పుడే చెప్పు, ఇప్పుడొద్దు" అనండి, ఏమీ అనుకోడు, అనుకున్నా పర్లేదు. వాడు తెచ్చిన కాయల బుట్ట కూడా వెనక్కి పంపేయండి. షమూయేల్ అని మూడో శతాబ్దపు బాబిలోనియా పండితుడు, రేవు దాటుతుంటే ఒకడు చెయ్యందించినాడు, ఏం పని మీద వచ్చినావ్ అంటే మీ దగ్గర నా కేసుంది అన్నాడంట, అయితే నేను నీ కేసుకి పనికిరాను అని తప్పుకున్నాడు. చెయ్యందించినంత మాత్రానికే.

ఒక్కరే కూర్చోవద్దు, ముగ్గురు కూర్చోండి. మిష్నా పద్ధతి చానా బాగుంటుంది, అన్న ఒకర్ని ఎంచుకుంటాడు, తమ్ముడు ఒకర్ని ఎంచుకుంటాడు, ఆ ఇద్దరూ కలిసి మూడో మనిషిని ఎంచుకుంటారు. మా మనిషి ఒకరున్నారు అనే ధైర్యం ఇద్దరికీ ఉంటుంది, మూడో మనిషి ఎవరి మనిషీ కాదు. ఎవరు పనికిరారు అనే లిస్టు కూడా అక్కడే ఉంది, జూదగాడు, వడ్డీకి తిప్పేవాడు, దగ్గర బంధువు. మన ఊర్లలో పెద్దరికం చెలాయించేవాళ్ళలో వడ్డీలకిచ్చేవాళ్ళు ఎంతమందో మీకే తెలుసు, ఇద్దర్లో ఒకడు ఆయనకి బాకీ ఉంటే ఆ పంచాయితీ ఏం పంచాయితీ? రబ్బీ యెహూదా అనే ఆయన ఇంకో అడుగు ముందుకేసి స్నేహితుడు, శత్రువు కూడా వద్దన్నాడు, శత్రువంటే ఎవరు అంటే కోపంతో మూడు రోజులు నీతో మాట్లాడనోడు. ఈ మూడు రోజుల లెక్క నాకు బాగా నచ్చింది, ఎవర్నైనా పిలిచేముందు "నీకూ వాళ్ళకీ మాటలున్నాయా" అని ఒక్క మాట అడిగితే తేలిపోతుంది.

కూర్చునే విషయం చిన్నదనుకుంటాం కానీ చానా పెద్దది. ఒకడు కూర్చుని ఒకడు నిలబడకూడదు, ఒకణ్ణి ఎంతసేపైనా మాట్లాడనిచ్చి ఇంకొకణ్ణి తొందరగా కానీ అనకూడదు అని తల్ముద్ షెవువోత్ భాగంలో ఉంటుంది. ఒకడు ఖరీదైన బట్టల్లో, ఇంకొకడు చినిగిన బట్టల్లో వస్తే ఆ ఉన్నోడితో, నువ్వు అతని మాదిరి కట్టుకుని రా, లేదా అతనికి నీ మాదిరి బట్టలు కట్టించు అనాలంట. మన కట్టకాడ ఏం జరుగుతుంది, తెల్లబట్టలోడికి కుర్చీ, కూలోడికి నేల. కుర్చీలు సరిపోకపోతే అందరూ చాప మీద కూర్చోండి. బిల్డింగ్ ఉన్నాయన్ని "అన్నా" అని, బాడుగకుండే అబ్బాయిని "ఏరా" అని పిలిచినా పంచాయితీ అక్కడే చెడిపోతుంది. ఆడవాళ్ళ ఆస్తి గొడవైతే ఆమె తరపున ఆమె మొగుడో తమ్ముడో మాట్లాడేది కాదు, ఆమెనే మాట్లాడనివ్వండి, ఇది మాత్రం పాత పుస్తకాల్లోంచి కాదు, నేను చెప్తున్నా.

ఇప్పుడు అసలు మాట. ఇద్దరూ నోరు తెరవకముందే ఒక ప్రశ్న అడగాలి: మీకు చట్టం ప్రకారం తీర్పు కావాల్నా, రాజీ కావాల్నా? దీని మీద యూదుల్లో పెద్ద వాదనే జరిగింది. రబ్బీ ఎలియెజర్ అనే ఆయన (యోసే హగలీలీ కొడుకు) రాజీ చెయ్యడమే తప్పు, న్యాయం కొండనైనా చీల్చుకుని పోవాల్సిందే, యూదులకి ధర్మశాస్త్రం తెచ్చిచ్చిన మోషే పద్ధతి అదే అన్నాడు. రబ్బీ యెహోషువ బెన్ కోర్హా దానికి ఎదురు తిరిగి, రాజీ చెయ్యడం పుణ్యం అన్నాడు, ఎందుకంటే జెకర్యా ప్రవక్త మీ గుమ్మాల్లో శాంతినిచ్చే న్యాయం తీర్చండి అన్నాడు కదా, గట్టి తీర్పు ఉన్నచోట శాంతి ఉండదు, శాంతి ఉన్నచోట గట్టి తీర్పు ఉండదు, రెండూ కలిసుండేది రాజీలోనే అని. ఇంకొకాయన షిమోన్ బెన్ మెనాస్యా టైం గురించి చెప్పినాడు, న్యాయం ఎవరి వైపు ఉందో నీకు తెలియకముందు రాజీ పడండి అనొచ్చు, తెలిసిపోయినాక అనకూడదు. తర్వాత కాలం ధర్మశాస్త్రాలు కొంచెం సడలించి తీర్పు బయటికి చెప్పేవరకు రాజీకి పిలవొచ్చు అన్నాయి, మొదట్లోనే అడగడం మాత్రం తప్పనిసరి పుణ్యకార్యం అన్నాయి.

నాకైతే షిమోన్ మాటే మన ఊర్లకి ముఖ్యం అనిపిస్తుంది. తప్పంతా పెద్దింటోడిదే అని తేలిపోయినాక "సరేలేరా, ఆయనా పెద్దాయన, నువ్వే కొంచెం తగ్గు" అని బలం లేనోడి మెడ వంచడాన్ని మనం రాజీ అంటున్నాం, అది రాజీ కాదు, అన్యాయానికి సంతకం పెట్టించడం. రాజీ అడిగితే మొదట్లోనే ఇద్దర్నీ అడగండి, ఇద్దరూ ఒప్పుకుంటేనే చెయ్యండి, ఒకరు నాకు చట్టమే కావాలంటే "అది నీ హక్కు" అని చెప్పి కోర్టు దారి చూపించండి, మొండోడు అని ముద్ర వెయ్యొద్దు.

ఇద్దరూ రాజీకి ఒప్పుకున్నారు కానీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు, అప్పుడేం చెయ్యాల? మోషే అన్న అహరోను పద్ధతి ఉంది. గొడవపడిన ఇద్దర్లో ఒకడి దగ్గరికి పోయి కూర్చుంటాడంట, వాడి కోపం దిగేవరకు లేవడు, అవతలోడు గుండెలు బాదుకుంటున్నాడు, నీ మొహం ఎట్లా చూడాలా అని సిగ్గుపడుతున్నాడు అని చెప్తాడు. తర్వాత రెండోవాడి దగ్గరికి పోయి అదే మాట చెప్తాడు. ఇద్దరూ ఎదురుపడినప్పుడు కావలించుకుంటారు. ఆయన చనిపోతే ఇశ్రాయేలు ఇంటివాళ్ళంతా 30 రోజులు ఏడ్చినారు.

లేనిది చెప్పమంటావా అని అడుగుతారు. శాంతి కోసం మాట మార్చొచ్చు అని తల్ముద్‌లో ఒప్పుకున్నారు, దానికి చూపించిన ఉదాహరణ ఏంటంటే అబ్రాహాము పెళ్ళాం శారా ముసలితనంలో బిడ్డ పుడతాడనే మాట విని తనలో తాను నవ్వుకుంటా, నా మొగుడు కూడా ముసలోడైపోయినాడు అనుకుంటే, దేవుడు అబ్రాహాముకి చెప్పేటప్పుడు ఆ ముక్క తీసేసి, నేను ముసలిదాన్ని అని శారా అనింది అని చెప్తాడు. నేనైతే మన కాలంలో అబద్ధం వద్దంటాను, వాట్సాప్‌లో సాయంత్రానికి బయటపడుతుంది, దాంతో మీ మాట కూడా పోతుంది. కానీ ముల్లు తీసి చెప్పడం మాత్రం నేర్చుకోండి. మన కేసులో అన్న ఇట్లా అంటాడనుకోండి: "వాడు దొంగనాయాలన్నా, నాయిన ఆస్పత్రిలో ఉంటే రూపాయి తీయలా, నేను చచ్చేదాకా వాడి గడప తొక్కను... ఏం చేస్తాం, మా అమ్మ కొడుకే కదా." తమ్ముడి దగ్గరికి పోయి చెప్పాల్సింది చివరి ముక్క. "మీ అన్న నిన్ను తల్చుకుని, మా అమ్మ కొడుకే కదా అన్నాడబ్బా." అది నిజమే, ఆయన నోట వచ్చిందే. దొంగ అన్నమాట తమ్ముడికి చేరాల్సిన పనిలేదు, ఆస్పత్రి ఖర్చు మాత్రం పక్కన రాసిపెట్టుకోండి, ఎందుకంటే అసలు తగాదా దారి కాదు, అది. చానా తగాదాల్లో పైకి కనిపించే గట్టు వెనకాల ఇంకేదో ఉంటుంది, దాన్ని తీర్చకుండా దారి ఒక్కటి తెరిపిస్తే మళ్ళీ సంవత్సరం బోరు కాడ మొదలవుతుంది.

రాజీలో ఎవరు ఎంత తగ్గాలి అనేదానికి ఒక మంచి కొలత సన్హెద్రిన్ 32వ పుటలో ఉంది. సన్నటి కాలవలో రెండు పడవలు ఎదురొచ్చినాయి, రెండూ ఒకేసారి పోతే రెండూ మునుగుతాయి. బేత్ హోరోన్ ఘాట్ ఎక్కేచోట రెండు ఒంటెలు ఎదురుపడినాయి, రెండూ పట్టుబడితే రెండూ పడిపోతాయి. బరువు ఉన్నది, లేనిది అయితే ఖాళీది తప్పుకోవాలి. ఊరికి దగ్గరున్నది, దూరమున్నది అయితే దగ్గరున్నది తప్పుకోవాలి. రెండూ సమానం అయితే ఇద్దరూ రాజీపడి, ముందుపోయినోడు ఆగినోడికి నష్టం కట్టాలి. ఈ ఆఖరి ముక్కే నాకు వజ్రం లాగా కనిపిస్తుంది, తగ్గినోడికి ఊరికే మెచ్చుకోలు కాదు, డబ్బు. మన కేసులో కూడా కాయలు లోడు చేసిన ట్రాక్టర్‌ది బరువున్న పక్షం, మాగిపోయే సరుకు, కాబట్టి దారి ఇవ్వాలి, కానీ అన్న తోటలో ఆ దారి కింద పోయే జాగాకి, తెగే కొమ్మలకి తమ్ముడు సంవత్సరానికి ఇంత అని కట్టాలి. భూమి పంచుకున్నప్పుడు లోపలి భాగానికి వేరే దారే లేకపోతే అవసరం మేరకు దారి హక్కు 1882 ఈజ్‌మెంట్స్ చట్టంలోనే ఉంది, అది కూడా అన్నకి మెల్లగా తెలియజెప్పండి, బెదిరించినట్టు కాకుండా.

ఒప్పందం నోటిమాటగా వదలొద్దు. తల్ముద్‌లో కూడా రాజీ మాటకి బలం రావాలంటే ఒక లాంఛనం జరగాలంటారు, సాధారణంగా ఒక గుడ్డ అంచు పట్టుకుని లాగడం. మనకి కాగితం. దారి వెడల్పు అడుగుల్లో, యాడ నుంచి యాడ దాకా, ఏ టైంలో, డబ్బు ఎంత ఏ నెలలో, సర్వేయర్ని పిలిచి ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) చూసి రాయండి, ఇద్దరి సంతకం, ముగ్గురి సంతకం. భూమి మీద హక్కు మారేటట్టు ఉంటే 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చెయ్యాల్సిందే, స్టాంపు పేపర్ మీద సంతకం చాలదు.

ఇంకా గట్టిగా ఉండాలంటే లోక్ అదాలత్‌లో పెట్టండి. చిత్తూరు జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంది, తిరుపతి కోర్టులో మండల కమిటీ ఉంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. కేసు వెయ్యకముందే కూడా తీసుకుంటారు, ఫీజు లేదు, అక్కడ రాసిన అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కోర్టులో ఉన్న కేసు అక్కడ తీరితే కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కొస్తుంది. నువ్వుండే రాజ్యం చట్టం నీకూ చట్టమే అని పైన చెప్పిన షమూయేలే సూత్రం పెట్టినాడు, యూదులు ఇప్పటికీ దాన్నే పాటిస్తారు. కాబట్టి పంచాయితీ తీర్పు దేశ చట్టానికి ఎదురు పోకూడదు, జరిమానా వేసి ఊరి గుడికి కట్టమనడం, వెలి వెయ్యడం ఇవన్నీ మీ చేతిలో లేని పనులు.

లేచి వచ్చినాక టీ అంగడి దగ్గర "నేను నీకే చెప్పినాబ్బా, ఆ ఇద్దరూ ఒప్పుకోలా" అని చెవిలో చెప్పొద్దు. మిష్నాలో ఇది పేరు పెట్టి మరీ వద్దన్నారు, నేను నీ పక్షమే కానీ మిగతావాళ్ళు ఎక్కువైపోయినారు అని చెప్పే న్యాయమూర్తి చాడీలు చెప్పేవాడి కింద లెక్క. ఇంకోటి, ముందర నిలబడినప్పుడు ఇద్దర్నీ తప్పు చేసినవాళ్ళ మాదిరే చూడు, తీర్పుకి ఒప్పుకుని వెళ్ళిపోయేటప్పుడు ఇద్దర్నీ మంచోళ్ళ మాదిరే చూడు అంటారు. కాబట్టి ఆ రోజు నుంచి ఊర్లో ఎవరైనా "వాడేకదా దారి మూసింది" అంటే మీరే ఆపాలి. నలుగుర్లో ఒకడి మొహం పాలిపోయేటట్టు అవమానిస్తే రక్తం చిందించినట్టే, ఎర్రదనం పోయి తెల్లదనం వస్తుంది చూడు అని తల్ముద్‌లో ఒక పండితుడు అంటాడు.

ఆఖరుగా క్షమాపణ. యోమ్ కిప్పూర్ అని యూదులు ఏడాదికోసారి పాపాలకి క్షమాపణ అడిగే రోజు ఎంత ఉపవాసం ఉన్నా, ఎంత ప్రార్థన చేసినా పక్క మనిషికి చేసిన తప్పు పోదు, ఆ మనిషిని పోయి అడగాల్సిందే అంటుంది మిష్నా. డబ్బు తిరిగిచ్చేసినా సరే, నోటితో అడగాలి అంటాడు మైమోనిడెస్. అన్న అడగాల్సింది దారి మూసినందుకు, తమ్ముడు అడగాల్సింది ఆస్పత్రి ఖర్చుకి, ఆ లెక్క తేల్చి చేతిలో పెట్టినాకనే. ఒప్పుకోకపోతే ముగ్గురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని పోయి అడగాలి, కాదంటే రెండోసారి, మూడోసారి. మూడుసార్లు అడిగినా ఒప్పుకోకపోతే అడిగినోడు ఇంక వదిలెయ్యొచ్చు, అప్పటినుంచి తప్పు ఆ ఒప్పుకోనోడిది. తప్పు చేసింది తన గురువుకైతే మాత్రం ఈ మూడు లెక్క లేదు, వెయ్యిసార్లైనా పోవాల్సిందే. మీరు ఆ వెంటపోయే ముగ్గుర్లో ఒకరుగా ఉండండి, పండగ దగ్గరపడే రోజుల్లో పోతే మేలు, సంక్రాంతికి బయట ఊర్ల నుంచి అక్కచెల్లెళ్ళు కూడా ఇంటికొచ్చి ఉంటారు, వాళ్ళ ముందర కాదనడం కష్టం.